పాత అనలాగ్ కోరస్, ఫేజర్, ఫ్లాంజర్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో జానపదం రికార్డింగ్ జరిగే చోట "గిటార్‌కు కొంచెం కోరస్ పెట్టన్నా" అంటే, ఇంజనీరు ముందు మైకు దగ్గర నిలబడ్డ వంతపాట పిల్లల దిక్కే చూస్తాడు. అక్కడ కోరస్ అంటే మనుషులే. ఇక్కడ మాట్లాడేది పెట్టెలో ఉండే కోరస్ గురించి. నిజానికి రెండూ చేసే పని ఒకటే. నలుగురు ఒకే వరుస పాడితే ఒకరు రవ్వంత వెనక పడతారు, ఇంకొకరు శ్రుతిలో వెంట్రుకవాసి పైన ఉంటారు. ఆ తేడాలే చెవికి నిండుగా వినిపిస్తాయి. కోరస్ పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్టు పెట్టె) గిటార్‌కు అలాంటి జతగాణ్ణి తయారుచేసి పక్కన నిలబెడుతుంది.

1970ల్లో, 80ల మొదట్లో తయారైన ఈ పెట్టెల మీద, అంటే కోరస్‌తో పాటు శబ్దాన్ని మెత్తగా తిప్పే ఫేజర్, ఊదినట్టు చేసే ఫ్లాంజర్‌ల మీద మోజు ఇప్పుడు బాగా పెరిగింది. జపాన్ నుంచి, అమెరికా నుంచి పాతవి తెప్పించుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. మా మాట ముందే చెప్పేస్తాం. చర్చిలో, కాలేజీ ఫెస్టులో, ఇంటి స్టూడియోలో వాయించే మనిషికి మొదటి పెడల్‌గా పాత సర్క్యూటుతో చేసిన కొత్త అనలాగ్ కోరస్ చాలు. రెండోది నాలుగు మెట్ల ఫేజర్. నిజంగా పాతదే కావాలంటే బాస్ కంపెనీ సీఈ-2 కోరస్ గానీ బీఎఫ్-2 ఫ్లాంజర్ గానీ చూడండి, వాటిని బాగుచేయించుకోవడం సాధ్యమే. గోడ ప్లగ్గుకు తగిలించాల్సిన పాతవాటినీ, ఎస్‌ఏడీ1024 ఐసీ ఉన్న ఫ్లాంజర్లనూ మాత్రం, రిపేరు తెలిసిన మనిషి అందుబాటులో ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

బిందెల వరుస

కోరస్‌కూ ఫ్లాంజర్‌కూ గుండెకాయ బకెట్ బ్రిగేడ్ అనే చిప్పు. నిప్పంటుకున్న ఇంటికి బావి దగ్గరి నుంచి జనం వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు, చిప్పులోని చిన్నచిన్న కెపాసిటర్లు శబ్దపు వోల్టేజీని ఒకదాని నుంచి ఇంకోదానికి అందించుకుంటూ పోతాయి. చివరి చేతికి చేరేసరికి కొంత ఆలస్యం అవుతుంది. ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు 1969లో దీన్ని కనిపెట్టారు. పెడళ్లలోకి ఎక్కువగా వచ్చింది మాత్రం జపాన్ కంపెనీ మత్సుషితా చేసిన ఎంఎన్3000 వరుస చిప్పులు.

బిందె ఎంత వేగంగా చేతులు మారాలో చెప్పేది క్లాక్. లెక్క తేలికే: చిప్పులో ఉన్న దశల (బిందె చేతులు మారే చోట్ల) సంఖ్యను క్లాక్ వేగానికి రెట్టింపుతో భాగిస్తే ఆలస్యం వస్తుంది. ఎంఎన్3007లో 1024 దశలున్నాయి. దానికి 100 కిలోహెర్ట్జ్ క్లాక్ ఇస్తే 5.12 మిల్లీసెకన్లు, 10 కిలోహెర్ట్జ్ ఇస్తే 51.2 మిల్లీసెకన్లు. ఈ క్లాక్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ ఊపే చిన్న సర్క్యూటే ఎల్‌ఎఫ్‌ఓ. పెడల్ మీద రేట్ అని రాసి ఉండే నాబ్ ఊపు ఎంత వేగంగా ఉండాలో, డెప్త్ అనేది ఎంత దూరం ఊగాలో చెబుతుంది.

ఆలస్యం సుమారు 5 నుంచి 25 మిల్లీసెకన్ల మధ్య ఊగితే కోరస్. అర మిల్లీసెకను నుంచి 10 లోపు ఊగి, బయటికొచ్చిన శబ్దంలో కొంత మళ్లీ లోపలికి పోతే ఫ్లాంజర్. అసలు శబ్దం, ఆలస్యమైన శబ్దం కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1 మిల్లీసెకను ఆలస్యానికి 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర, అంటే దువ్వెన పళ్లలాగా సమాన దూరంలో గుంటలు పడతాయి. ఫేజర్‌లో ఈ ఆలస్యపు చిప్పే ఉండదు. శబ్దపు ఫేజ్‌ను (అల ఎక్కడ లేచి ఎక్కడ పడుతుందో ఆ స్థానాన్ని) తిప్పే మెట్లు మాత్రమే ఉంటాయి. నాలుగు మెట్లకు పడేవి రెండే గుంటలు. అందుకే ఫేజర్ మెత్తగా తిరుగుతుంది, ఫ్లాంజర్ విమానం నెత్తిమీంచి పోయినట్టు ఊదుతుంది.

కొనేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. దువ్వెన గుంటలు పడాలంటే అక్కడ శబ్దం ఉండాలి. శుభ్రమైన గిటార్ మీద ఒక్కో తీగ మీటుతూ వాయిస్తే ఫ్లాంజర్ ఊపు అంతగా తెలియదు. అదే డిస్టార్షన్ వేసిన కార్డు మీద, లేదంటే డప్పు ట్రాక్ మీద పెట్టి చూడండి, గది మొత్తం ఊగుతుంది. డప్పు దెబ్బలో దాదాపు అన్ని పౌనఃపున్యాలూ ఉంటాయి కాబట్టి. గిటార్‌కు నచ్చని ఫ్లాంజర్ స్టూడియోలో డప్పుకు పనికొచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు.

కోరస్: సీఈ-1, సీఈ-2, డైమెన్షన్

రోలాండ్ 1975లో తెచ్చిన జేసీ-120 ఆంప్‌లో రెండు స్పీకర్లున్నాయి. ఒక దాంట్లో మామూలు శబ్దం, రెండో దాంట్లో ఊగే శబ్దం, రెండూ గాలిలో కలుస్తాయి. ఆ సర్క్యూటునే 1976లో సీఈ-1 అనే పెద్ద ఇనుప పెట్టెలో పెట్టి అమ్మారు. లోపల 512 దశల ఎంఎన్3002. ధ్వని గొప్పగా ఉంటుంది, అందులో వాదన లేదు. చిక్కు రెండు చోట్ల ఉంది. అది బ్యాటరీతో నడవదు, మెయిన్స్ కావాలి. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (లోపలికొచ్చే సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) కొన్ని పదుల కిలోఓమ్‌లే, కీబోర్డుకు సరిపోతుంది గానీ గిటార్ పికప్‌ను కిందికి లాగేస్తుంది. నేరుగా గిటార్ పెడితే మీది మెరుపు పోయి దుప్పటి కప్పినట్టు వస్తుంది. దాని ముందు ఒక బఫర్ పెడల్ (పికప్ మీద భారం పడకుండా సిగ్నల్‌ను ముందుకు పంపేది) ఉండాల్సిందే. "సీఈ-1 విన్నాం, ఏం లేదు" అనేవాళ్లలో చాలామంది బఫర్ లేకుండా విన్నవాళ్లే.

1979లో వచ్చిన సీఈ-2 అరచేతిలో పట్టే పెడల్. ఎంఎన్3007 చిప్పు, రెండు నాబ్‌లు, 9 వోల్టుల బ్యాటరీ, మోనో అవుట్. సీఈ-1 అంత వెడల్పు రాదు, కానీ గిటార్‌కు కావాల్సిన ఇన్‌పుట్ ఇంపిడెన్స్ దీనికుంది. బైపాస్‌లో, అంటే ఎఫెక్టు ఆపినప్పుడు కూడా బఫర్ పనిచేస్తూనే ఉంటుంది. ఇది మనకు పెద్ద లాభం. ఆంప్ లేకుండా గిటార్‌ను నేరుగా మిక్సర్‌లోకి గుచ్చే చర్చిలు, ఫంక్షన్ హాళ్లే మన దగ్గర ఎక్కువ. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా 10 కిలోఓమ్‌ల దగ్గర ఉంటుంది. మధ్యలో బఫర్ లేకపోతే పికప్ అక్కడే చచ్చిపోతుంది.

సీఈ-2 కొనేటప్పుడు అడాప్టర్ సాకెట్ పక్కన ఏం రాసుందో చూడండి. పాతవాటి మీద ఏసీఏ అని ఉంటుంది. అవి అప్పటి నియంత్రణ లేని అడాప్టర్ కోసం చేసినవి. ఇప్పటి 9 వోల్టుల నియంత్రిత అడాప్టర్ పెడితే ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటుంది, ఊపు బలహీనపడుతుంది. పెడల్ చెడిపోయిందనుకొని సగం ధరకు అమ్మేసేవాళ్లుంటారు, అది మీకు మంచి బేరం. తేల్చుకోవడం తేలిక: కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. ఎల్‌ఈడీ గట్టిగా వెలిగి, కోరస్ నిండుగా వస్తే పెడల్‌లో ఏ లోపమూ లేదు.

కొత్తవాటిలో 2016లో వచ్చిన సీఈ-2డబ్ల్యూ పూర్తి అనలాగ్. సీఈ-2 తీరూ సీఈ-1 తీరూ రెండూ ఉన్నాయి, స్టీరియో అవుట్ ఉంది. పైసలు సర్దుబాటైతే దీని తర్వాత ఇంకోటి వెతకాల్సిన పని లేదు. చేతిలో తక్కువుంటే మూర్ కంపెనీ ఎన్‌సెంబుల్ కింగ్ చూడండి. చిన్న పెట్టె, అనలాగే, బ్యాటరీ పెట్టే చోటు లేదు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ స్మాల్ క్లోన్‌లో ఉన్నది ఒక నాబ్, ఒక స్విచ్. నీళ్లలో మునిగినంత లోతైన ఊపు ఇష్టమున్నవాళ్లకు అది. ఆరాధన పాటల కింద మెత్తగా పరిచే ఆర్పెజియోలకు (కార్డులోని స్వరాలు ఒక్కొక్కటే మీటడం) అంత ఊపు ఎక్కువే అవుతుంది, శ్రుతి కదిలిపోతున్నట్టు అనిపిస్తుంది.

గొంతుల కోసమైతే దారి వేరు. రోలాండ్ 1979లో తెచ్చిన డైమెన్షన్-డీ ర్యాక్ యూనిట్‌లో నాబ్‌లే లేవు, నాలుగు బటన్లు. రెండు ఆలస్యపు లైన్లు ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి. ఒకటి శ్రుతి పెంచుతుంటే ఇంకోటి తగ్గిస్తుంది, అందుకని ఊపు తెలియకుండా వెడల్పు మాత్రమే వస్తుంది. ఇద్దరే వంత పాడిన బతుకమ్మ పాటను ఆరుగురు పాడినట్టు చేయాలంటే ఇలాంటిదే కావాలి. అసలు ర్యాక్ దొరకడం, తెచ్చుకోవడం కష్టం. అదే పద్ధతిలో 1985లో వచ్చిన డీసీ-2 పెడల్, దాని కొత్త రూపం డీసీ-2డబ్ల్యూ ఆ పని చేస్తాయి.

ఫేజర్: ఫేజ్ 90, స్మాల్ స్టోన్, యూని-వైబ్

ఎంఎక్స్‌ఆర్ ఫేజ్ 90 వచ్చింది 1974లో. ఒక్క నాబ్. లోపల నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్). ఆ నాలుగు జేఫెట్లు ఒకదానికొకటి సరిపోలాలి. రిపేరు పేరుతో ఒకటి మార్చి చేతికి దొరికిన 2ఎన్5952 వేస్తే శబ్దం వస్తుంది గానీ తిరుగుడు చప్పబడిపోతుంది. మార్చాల్సి వస్తే నాలుగూ జతచూసినవి వేయాలి.

కలిపిరాత లోగో ఉన్న మొదటివాటికీ, అచ్చక్షరాల లోగో ఉన్న తర్వాతివాటికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. తర్వాతివాటిలో ఆర్28 అనే రెసిస్టర్ ద్వారా కొంత శబ్దం వెనక్కి పోతుంది, అందువల్ల కరుకుగా, పైకి తేలుతూ వినిపిస్తుంది. మామూలు పెద్ద విడిభాగాలున్న బోర్డయితే ఆర్28 ఒక కాలు ఊడదీసి పైకెత్తితే చాలు, పాత మెత్తదనం వస్తుంది. నచ్చకపోతే మళ్లీ టంకం పెట్టేయొచ్చు. లోగో కోసం రెట్టింపు ధర పెట్టడం మా దృష్టిలో దండగ.

పాత ఫేజ్ 90లో ఎల్‌ఈడీ లేదు, అడాప్టర్ సాకెట్టూ లేదు, బ్యాటరీ ఒక్కటే. ఆఫ్ చేసినా దాని ఇన్‌పుట్ గిటార్‌కు అంటుకునే ఉంటుంది కాబట్టి మెరుపు కాస్త తగ్గుతుంది.

తిరుగుడు ఒక చివర ఆగిపోతుంటే, లేదా అసలు రాకుంటే, జేఫెట్లు పోయాయని అనుకోకండి. ముందు ప్రీసెట్ చూడండి. నాలుగు స్క్రూలు విప్పి వెనక మూత తీయండి. బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న ప్రీసెట్ ఒక్కటే ఉంటుంది. అది ఇప్పుడు ఏ దిక్కు చూస్తుందో మార్కర్‌తో గీత గీయండి. కొత్త బ్యాటరీ పెట్టండి, అరిగిన బ్యాటరీ మీద చేసిన సెట్టింగ్ రేపటికి నిలవదు. స్పీడ్ నాబ్ బాగా తగ్గించి, డిస్టార్షన్ వేసిన కార్డు ఒకటి లూపర్‌లోనో ఫోన్‌లోనో తిరుగుతూ ఉండేలా చేసి పెడల్‌లోకి పంపండి. ప్రీసెట్‌ను ఒకసారికి గడియారపు ముల్లు ఒక నిమిషం కదిలినంతే తిప్పి, ఒక పూర్తి చుట్టు వినండి. తిరుగుడు పైచివరా కిందిచివరా ఆగకుండా సమానంగా సాగిన చోట వదిలేయండి. ఎంత తిప్పినా మార్పే లేకపోతే, అప్పుడు 5.1 వోల్టుల జెనర్ (వోల్టేజీని ఒకచోట నిలబెట్టే డయోడ్) దగ్గర మల్టీమీటర్ పెట్టండి. అక్కడ వోల్టేజీ లేకపోతే తప్పు ఫెట్లది కాదు, జెనర్‌దో దానికి కరెంటు అందించే దారిదో.

ఎలక్ట్రో-హార్మోనిక్స్ స్మాల్ స్టోన్ కూడా 1974దే, డేవిడ్ కాకరెల్ రూపొందించాడు. ఇందులో జేఫెట్ల బదులు ఓటీఏ అనే ఒక రకం ఆంప్లిఫయర్ చిప్పులు. కలర్ స్విచ్ వేస్తే తిరుగుడు లోతుగా, మోగుతున్నట్టుగా మారుతుంది. శుభ్రమైన గిటార్‌కు, ఎలక్ట్రిక్ పియానో ధ్వనికి ఇదే ముందుంటుంది. డిస్టార్షన్‌తో లీడ్ వాయించేవాళ్లకు ఫేజ్ 90. పాత స్మాల్ స్టోన్‌లోని సీఏ3094 చిప్పు తయారీ ఆగిపోయింది. ఇప్పుడు సులువుగా దొరికే ఎల్‌ఎం13700ను దాని స్థానంలో నేరుగా కూర్చోబెట్టలేం, కాళ్ల అమరికే వేరు. కాబట్టి చిప్పు పోయిన పాతది చవగ్గా వచ్చినా వద్దు. చిన్న పెట్టెలో వచ్చే కొత్త స్మాల్ స్టోన్ తీసుకోండి.

యూని-వైబ్ సంగతి వేరే. 1960ల చివర్లో జపాన్ షిన్-ఏ కంపెనీ కోసం ఫుమియో మియెదా చేసిన పెట్టె, గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాడాక పేరొచ్చింది. మధ్యలో ఒక చిన్న బల్బు, చుట్టూ నాలుగు ఎల్‌డీఆర్‌లు. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే వెలుగు పడ్డప్పుడల్లా ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ మారుతుంది. నాలుగు మెట్లలో కెపాసిటర్లు ఒకే విలువవి కావు: 15 నానోఫారడ్లు, 220 నానోఫారడ్లు, 470 పికోఫారడ్లు, 4.7 నానోఫారడ్లు. ఫేజ్ 90లో మెట్లన్నీ ఒకే కొలత, ఇక్కడ మెట్లన్నీ వంకర. పైగా బల్బు వెలిగినంత వేగంగా ఆరదు, ఎల్‌డీఆర్ ఇంకా బద్ధకస్తురాలు. ఆ కుంటి నడకే గుండె కొట్టుకున్నట్టు వినిపించే దాని అందం.

కొత్తది కొనేటప్పుడు లోపల నిజంగా బల్బు ఉందా అని అడగండి. బల్బున్న నకళ్లలో మూత తీసి ప్రీసెట్ తిప్పేవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. గదిలో ట్యూబ్‌లైట్ వెలుగు ఎల్‌డీఆర్‌ల మీద పడుతుంది. అలా కుదిరిందనుకున్న సెట్టింగ్ మూత బిగించగానే తప్పిపోతుంది. బల్బు మీది రేకు డొప్ప తీయకుండా, గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి పక్కకు తిప్పి పెట్టుకుని సెట్ చేయాలి.

ఫ్లాంజర్

ఎలక్ట్రో-హార్మోనిక్స్ ఫ్లాంజర్ ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ 1976లో వచ్చింది. అందులోని ఫిల్టర్ మాట్రిక్స్ స్విచ్ ఊపును ఆపి, దువ్వెనను ఒకచోట నిలబెడుతుంది, చేతితో కావాల్సిన చోటికి జరుపుకోవచ్చు. గంట మోగినట్టుండే ఆ ధ్వని ఇంకో పెడల్‌లో రావడం అరుదు. కానీ పాతవాటిలో రెటికాన్ ఎస్‌ఏడీ1024 చిప్పు, ఆన్ చేయగానే శబ్దం తగ్గడం, వెనక సన్నగా ఈల, ఇవన్నీ ఉంటాయి. ఎస్‌ఏడీ1024 తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో పాత అక్షరాలు గీకేసి కొత్తగా అచ్చేసిన దొంగ చిప్పులు కలిసి ఉంటాయి. ఏ-డీఏ ఫ్లాంజర్ పాతదానికీ ఇదే బాధ.

బాస్ బీఎఫ్-2 వచ్చింది 1980లో. మెరుపు తక్కువ, నమ్మకం ఎక్కువ. ఇందులో ఎంఎన్3207 చిప్పు, దానికి జతగా ఎంఎన్3102 క్లాక్. 3207 రకం చిప్పులు కూల్‌ఆడియో, బెల్లింగ్ పేర్ల మీద కొత్తవి వచ్చాయి కాబట్టి దీనికి విడిభాగాల భయం లేదు. రెజొనెన్స్ (మళ్లీ లోపలికి పోయే శబ్దం) సున్నా చేసి, మాన్యువల్ నాబ్ ఆలస్యం పెరిగే దిక్కుకు తిప్పితే కోరస్‌గా కూడా పనికొస్తుంది. ఒక్క పెడల్‌కే పైసలున్నాయి, రెండు రకాలూ కావాలి అనే విద్యార్థికి మేం చెప్పేది ఇదే.

ఎంఎన్3007, ఎంఎన్3207 రెండూ ఎనిమిది కాళ్లవే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని చోట ఇంకోటి పెట్టొద్దు. ఒకటి పీ-చానల్, ఇంకోటి ఎన్-చానల్, కరెంటు దిశే తిరగబడుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఆప్-ఆంప్, జెనర్, కెపాసిటర్, పాట్, ఐసీ బేస్ లాంటివి వెతుక్కోవచ్చు. బకెట్ బ్రిగేడ్ చిప్పు కోసం వెళ్తే మాత్రం పాత చిప్పు చేతిలో పట్టుకెళ్లి, దుకాణంవాడు "ఇది అదే" అన్నా నంబరు చదువుకోండి.

ట్రెమొలో, లెస్లీ

ట్రెమొలో శబ్దాన్ని పెంచి తగ్గిస్తుంది, శ్రుతిని కదిలించదు. ఫెండర్ ఆంప్‌ల మీద దీన్నే వైబ్రాటో అని రాశారు, ఆ పేర్ల గందరగోళం ఇప్పటికీ తీరలేదు. ఆలస్యపు చిప్పు లేదు కాబట్టి చవక, చెడిపోవడమూ తక్కువ. పాతది వెతకాల్సిన అవసరం లేదు. లెస్లీ స్పీకర్ (మోటార్లతో తిరుగుతూ శబ్దాన్ని ఊపే పెట్టె) కావాలనుకునేవాళ్లకు ఒకటే హెచ్చరిక. దాని మోటార్లు మెయిన్స్ పౌనఃపున్యం మీద ఆధారపడతాయి. 60 హెర్ట్జ్ దేశం నుంచి తెస్తే మన 50 హెర్ట్జ్ మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, హెర్ట్జ్‌ను కాదు. పుల్లీలు మార్చాల్సి వస్తుంది.

కరెంటు: మన దగ్గర ఎక్కువ పెడళ్లు చచ్చేది ఇక్కడే

జపాన్‌లో అమ్మిన మెయిన్స్ పెట్టె 100 వోల్టులది, అమెరికాది 117. మన 230లో గుచ్చితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడానికి ఒక పాట అయ్యేంత సేపు కూడా పట్టదు. చెక్ చేయాల్సింది ప్లగ్గు ఆకారం కాదు, వెనక ప్లేటు మీది అంకె. ఇలాంటి ఎఫెక్టుకు 50 వీఏ స్టెప్-డౌన్ ధారాళంగా సరిపోతుంది. ఇస్త్రీపెట్టెల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్ కాదు, చేతికి బరువు తగిలే ట్రాన్స్‌ఫార్మర్ రకం తీసుకోండి. రెండు పిన్నుల పాత పెట్టెయితే ఆన్ చేశాక ఇనుప డబ్బాకు టెస్టర్ పెట్టి చూడండి. టెస్టర్ వెలిగితే గిటార్ తీగలు ముట్టుకోకండి. ముందు లీకేజీ సంగతి, ఎర్తింగ్ సంగతి తేల్చాలి.

9 వోల్టుల పెడళ్లకు ఇంకో గండం వైఫై రౌటర్ అడాప్టర్. దాని పిన్ను బాస్ పెడల్ సాకెట్‌లో చక్కగా దూరుతుంది. కానీ రౌటర్‌ది సాధారణంగా 12 వోల్టులు, మధ్యలో ప్లస్. పెడల్‌కు కావాల్సింది 9 వోల్టులు, మధ్యలో మైనస్. రిహార్సల్‌కు ఆలస్యమై ఏదో ఒకటి గుచ్చేస్తే లోపలి రక్షణ డయోడ్ కాలుతుంది. అదృష్టం బాగుంటే అంతటితో ఆగుతుంది.

పల్చటి స్విచింగ్ అడాప్టర్లు వేరే రకంగా ఏడిపిస్తాయి. అడాప్టర్ లోపలి స్విచింగ్ వేగం, పెడల్ క్లాక్ వేగం ఒకదానితో ఒకటి కలిసి వినిపించే ఈలగా మారతాయి, క్లాక్ ఊగుతుంటే ఈల కూడా పైకీ కిందికీ పోతుంది. ఒకే అడాప్టర్ మీద రెండు బకెట్ బ్రిగేడ్ పెడళ్లు పెట్టినా ఇదే. ఎల్‌ఎఫ్‌ఓతో పాటు టిక్ టిక్ మని వినిపిస్తే అదీ సప్లై గొడవే కావొచ్చు. బ్యాటరీ మీద పెట్టి చూడండి. శబ్దం పోతే పెడల్ మంచిదే, ఒక్కో అవుట్ విడివిడిగా ఉన్న సప్లై కొనండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు వచ్చే గుర్రు ఫేజర్‌లోకి పోతే ఆ గుర్రు కూడా తిరుగుతుంది. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే ఆ టేక్ వదులుకోవడమే నయం.

పాతది చేతికొచ్చాక పరీక్ష

రేట్ పూర్తిగా తగ్గించి, డెప్త్ పూర్తిగా పెంచి, శుభ్రమైన కార్డు ఒకటి వదిలి వినండి. మామూలు శబ్దం వస్తూ ఊపు మాత్రం లేకపోతే వెతకాల్సిన వరుస ఇది: మొదట సప్లై వోల్టేజీ, తర్వాత క్లాక్ చిప్పు పనిచేస్తుందా, తర్వాత బకెట్ బ్రిగేడ్ ఇన్‌పుట్ కాలు దగ్గర సప్లైలో సగం చుట్టుపక్కల వోల్టేజీ ఉందా, చివర ఎల్‌ఎఫ్‌ఓ. చాలామంది మొదటే చిప్పు పీకేస్తారు. చిప్పు చావడం కంటే ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, బ్యాటరీ కారి తుప్పుపట్టిన తీగ చాలా ఎక్కువ. ఊపు శబ్దంలో గరగర ఉంటే బయాస్ ప్రీసెట్ (చిప్పు ఇన్‌పుట్ కాలు దగ్గరి వోల్టేజీని పెట్టేది) జరిగి ఉంటుంది. నాబ్ తిప్పితే చిటపటమంటే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు. వానాకాలం అయ్యాక ఇది మన ఊళ్లలో మామూలే. ఎండాకాలం పెడల్ బోర్డును కారు డిక్కీలో వదిలి పెళ్లి భోజనానికి వెళ్లొద్దు.

బయటి దేశం నుంచి తెప్పిస్తే బేరం ధరకు కొరియర్, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్‌టీ కలుపుకొని లెక్కేయండి. తిప్పి పంపడం దాదాపు కుదరదు. అందుకే అమ్మేవాణ్ణి లోపలి బోర్డు ఫోటో అడగాలి. చిప్పు నంబరు కనిపించేలా ఫోటో ఇవ్వనివాడి దగ్గర వద్దు.

స్టూడియోలో వాడేటప్పుడు

ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి నేరుగా పెడల్‌లోకి పంపితే ముక్కలుముక్కలుగా విరిగిన శబ్దం వస్తుంది. ప్రొఫెషనల్ లైన్ లెవల్ ప్లస్ 4 డీబీయూ అంటే 1.23 వోల్టులు, పై శిఖరాలు దానికి ఎన్నో రెట్లు. బకెట్ బ్రిగేడ్ తట్టుకునేది ఒకటిన్నర, రెండు వోల్టుల దాకానే. రీఆంప్ బాక్స్ (లైన్ శబ్దాన్ని గిటార్ స్థాయికి దించే పెట్టె) ఉంటే మంచిది, దాని ట్రాన్స్‌ఫార్మర్ గ్రౌండ్ లూప్ గుర్రును కూడా తెంపుతుంది. లేకపోతే అవుట్ ఫేడర్ 15 నుంచి 20 డీబీ తగ్గించి పంపండి. మరీ తగ్గిస్తే ఇంకో నష్టం. ఈ చిప్పులకు పుట్టుకతోనే సుయ్ మనే శబ్దముంటుంది, పాట చిన్నదైతే అది పైకి తేలుతుంది. విరగడం మొదలయ్యే దాకా పెంచి, అక్కడి నుంచి 3 డీబీ దించితే సరిపోతుంది.

గిటార్ డీఐ ట్రాక్‌ను (ఎఫెక్టు లేకుండా నేరుగా రికార్డు చేసినదాన్ని) ఎప్పుడూ పక్కన శుభ్రంగా దాచుకోండి. పెడల్ గుండా పంపిన ప్రతిసారీ ఎల్‌ఎఫ్‌ఓ వేరే చోటి నుంచి మొదలవుతుంది కాబట్టి ఒక టేక్ ఇంకో టేక్‌లా ఉండదు. మూడు సార్లు పంపి, పల్లవి ఎక్కేచోట తిరుగుడు పైకి లేస్తున్నదాన్ని ఉంచుకోండి.

పాత పెడళ్లలో ట్యాప్ టెంపో (తాళానికి తట్టి వేగం పెట్టే స్విచ్) లేదు. లెక్క చేతితోనే. 90 బీపీఎం, నాలుగు దెబ్బల ఆవర్తానికి ఒక తిరుగుడు కావాలంటే 2.67 సెకన్లు. ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి పది తిరుగుళ్లు లెక్కపెట్టండి, 26.7 సెకన్లు వచ్చేదాకా నాబ్ జరపండి. జానపదంలో ఎక్కువగా వచ్చే తిస్ర నడకకైతే, పెద్ద దెబ్బ నిమిషానికి 100 ఉంటే దానిలో మూడో వంతుకు ట్రెమొలో 5 హెర్ట్జ్. అంత వేగాన్ని లెక్కపెట్టలేం, క్లిక్ వింటూ చెవితో కలపాలి.

చివరగా మోనో. బతుకమ్మకు వాడకట్టులో పెట్టే డీజే బాక్సులూ, చాలా ఫోన్ల స్పీకర్లూ కుడి ఎడమలు కలిపేసి వినిపిస్తాయి. స్టీరియో కోరస్‌లు రెండు రకాలు. ఒక దిక్కు మామూలు శబ్దం, ఇంకో దిక్కు ఊగే శబ్దం ఇచ్చేవి కలిస్తే మోనో కోరస్ అవుతుంది, నష్టం లేదు. ఒక దిక్కు ఊపును కలిపి, రెండో దిక్కు అదే ఊపును తలకిందులుగా కలిపేవి ఉన్నాయి. అవి హెడ్‌ఫోన్లో అద్భుతంగా ఉండి, మోనోలో కలవగానే ఊపు మొత్తం కొట్టేసుకుని మామూలు గిటార్ మిగులుతుంది. మిక్స్ చేస్తూ మోనో బటన్ నొక్కి చూడండి. కోరస్ మాయమైతే ఒక దిక్కు అవుట్ మాత్రమే రికార్డు చేసి ఎడమకు జరిపి, అదే భాగాన్ని గిటార్ మీద ఇంకోసారి వాయించి కుడికి పెట్టండి.